మేడగదికి మంట

ఫ్రెంచ్‌విల్, మెయిన్
24 ఆగస్టు 1987

జెర్మేన్‌కి, నీ వదిన బెర్తిల్ రాస్తున్నాను.

ఇక్కడ బాయిలర్ తప్ప అందరం క్షేమం.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నేను ఫోన్ ఎత్తగానే మీ అన్నయ్య పక్కకొచ్చి నిలబడతాడు. నేను ఒక మాట అనేలోపు ఆయన పక్కనుంచి రెండు అందిస్తాడు. అందుకే ఉత్తరం. ఆయనకు చదివే ఓపిక ఎలాగూ లేదు, ఇందులో ఏం రాసినా భయం లేదు.

సంగతేమిటంటే, మీ నాన్న బొగ్గుతో మొదలుపెట్టి తర్వాత ఆయిలుకి మార్పించిన ఇల్లంతటినీ వెచ్చబెట్టే ఆ ఇనప ఏనుగు పని అయిపోయింది. మార్చిలోనే దాని కింద తడి కనిపించింది. తుడిచాను. మర్నాడు మళ్లీ తడి. "ఏం కాదులేవే, చెమట" అన్నాడు మీ అన్నయ్య. ఇనుముకి చెమట పడుతుందని నేను వినడం అదే మొదటిసారి. వేసవి వచ్చింది, బాయిలర్ ఆపేశాం, మర్చిపోయాం. మొన్న పైపుల పని చేసే లెవీత్ నేలమాళిగలోకి దిగి టార్చి వేసి చూసి, "అతుకుల దగ్గర విచ్చుకుందక్కా, ఇది ఇంకో చలికాలం చూడదు" అన్నాడు. అప్పటినుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. వంటింట్లో నిలబడితే కాళ్ల కింద అది కారుతున్నట్టే అనిపిస్తుంది.

ఊళ్లో తలకో మాట చెబుతున్నారు. కట్టెల బాయిలర్ పెట్టమంటారు కొందరు. కట్టెలు మోసే నడుము మీ అన్నయ్యకు లేదు, నాకసలే లేదు. ఆయిలుదే పెడదాం. కాని ఏది, ఎంతది? నువ్వు అక్కడ ఆయిలు కంపెనీ ఆఫీసులో కూర్చుని ఊరందరి ఇళ్లకూ బాయిలర్లు లెక్కగట్టావు. మన ఇంటికి కూడా ఒకటి లెక్కగట్టి పెట్టు.

నా ఆలోచన ఇది. పిల్లలు ముగ్గురూ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మేడ మీద ఈగ కూడా లేదు. వేడినీళ్లు పైకి తీసుకెళ్లే గొట్టాలు కోయించి, మూతలు బిగించి, రేడియేటర్లలో నీళ్లు తీయించేసి, కింది భాగానికి సరిపడా చిన్న బాయిలర్ పెట్టించేస్తాను. ఖాళీ గదులకు ఎన్నాళ్లని వేడి పెడతాం? గదుల కొలతలు, కిటికీలు, చలి ఆగడానికి గోడల్లో కూరిన రంపపు పొట్టు ఎంత మందాన ఉందీ అన్నీ వెనక కాగితం మీద రాశాను.

మంచు పడేలోపు తేల్చేయాలి. త్వరగా రాయి.

నీ వదిన
బెర్తిల్


బ్రిస్టల్, కనెటికట్
2 సెప్టెంబరు

వదినా,

ఇనుముకి చెమట పట్టిన కథ ఆఫీసులో చదివి పైకే నవ్వాను. పక్క బల్ల అమ్మాయి ఏమైందంది. మా అన్నయ్య వైద్యం చేస్తున్నాడన్నాను.

ముందు రెండు మాటలు చెబుతాను, గట్టిగా పట్టుకో. "పాతది ఎంతుందో కొత్తదీ అంతదే పెట్టేద్దాం" అనే మేస్త్రీని గుమ్మంలోనే ఆపు. బొగ్గు కాలంలో బాయిలర్లు భయంతో కొన్నారు, లెక్కతో కాదు. రెండోది పొగగొట్టం. కొత్త బాయిలర్ వేడిని ఇంటికే ఉంచుకుంటుంది, పొగ చల్లబడి బయటికి వెళుతుంది. ఆ చల్లటి పొగకు పాత ఇటుకలు తడిసి రాలతాయి. లోపల స్టీలు గొట్టం దించమని లెవీత్‌కి చెప్పు. "మా తాతల కాలం నుంచి ఏం కాలేదు" అంటాడు. విననట్టు ఊరుకో.

ఇక నీ కొలతలు. వంటిల్లు, ముందుగది, మీ పడకగది, స్నానాలగది, వెనక వసారా. బాగా కొలిచావు, కిటికీ చట్రాలతో సహా. వంటింటి మీది గది ఏది?

తెలిసే అడుగుతున్నాను. నాన్న ఇల్లు అన్నయ్య పేర రాసిన రోజు నోటరీ ముందు ఏమన్నాడో నీకూ తెలుసు. మన లోయలో పెళ్లికాని ఆడపిల్ల ఉన్న ప్రతి తండ్రీ అనే మాటే అది. జెర్మేన్ పెళ్లి చేసుకోనంతకాలం వంటింటి మీది గది ఆమెది, ఆ గదికి మంట ఇవ్వాలి, అంటే ఎప్పుడూ వెచ్చగా ఉంచాలి. నేను పెళ్లి చేసుకోలేదు. ఎవరూ అడక్క కాదు, అడిగినవాళ్లు నచ్చక.

ఇప్పుడు ఈ మాట ఎందుకు ఎత్తానో కూడా చెప్పేస్తాను. మా కంపెనీని పెద్ద కంపెనీవాళ్లు కొన్నారు. లెక్కలకు యంత్రం వస్తోంది. కొత్త సంవత్సరం నుంచి నాకు బల్ల లేదు. ఇక్కడ నాకు తెలిసినవాళ్లంతా ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్లే, వాళ్లూ చెల్లాచెదురైపోతున్నారు. నేను ఇంటికి వచ్చేద్దామనుకుంటున్నాను వదినా.

అన్నయ్యతో చెబితే "వచ్చెయ్యవే" అనేస్తాడు. ఆయనకేం, పక్కన నిలబడి మాటలు అందించడమే కదా. ఆ ఇంట్లో రోజూ నా ముఖం చూడాల్సింది నువ్వు. అందుకే నిన్నడుగుతున్నాను. గొట్టాలు కోయించేముందు జవాబు రాయి.

జెర్మేన్


ఫ్రెంచ్‌విల్
13 సెప్టెంబరు

జెర్మేన్‌కి,

నీ ఉత్తరం అందింది. ఉద్యోగం సంగతి విని బాధపడ్డాను. ఇక్కడ ఇంకో గొడవ మొదలైంది, ముందు అది విను.

సిస్టర్ల మఠం మూసేస్తున్నారని తెలుసుగా. పోయిన ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ ప్రకటించాడు, "మఠంలో బాయిలర్ బాగానే ఉంది, మోసుకుపోగలిగినవారికి ఊరికే ఇచ్చేస్తాం" అని. మీ అన్నయ్య చెయ్యెత్తాడు. గుళ్లో ఆయన నోరెత్తి పాడింది లేదు, చెయ్యెత్తింది లేదు. ఊరికే వస్తే నాకొకటి, మా అన్నకొకటి అనే రకమని నాకు పెళ్లినాడే తెలిసింది కాని, బాయిలర్ దగ్గర కూడా ఇంతేనని అనుకోలేదు.

"అంతమంది సిస్టర్లని, బడిపిల్లల్ని వెచ్చగా పెట్టిందే అది. మనిద్దర్ని పెట్టలేదా?"

"మనం అంతమందిమి ఉన్నామా?"

"పెద్దదైతే తొందరగా వేడెక్కుతుంది. దేవుడి సొత్తు కూడాను."

ఎల్లుండి నుంచి బంగాళాదుంపల తవ్వకాలు. దుంపలు ఏరడానికని పిల్లల బడులకు సెలవులిచ్చేశారు. లెవీత్ కూడా వాళ్ల బావమరిది పొలంలో ట్రక్కు తోలుతాడట. ఆఖరి దుంప గోదాములోకి చేరేదాకా పైపు ముట్టుకోనన్నాడు. రాత్రిళ్లు ఇప్పటికే చలి దిగుతోంది. పొద్దున లేచి కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను. ఏ పని మీదా మనసు నిలవడం లేదు.

నీ గది సంగతి తీరిగ్గా రాస్తాను. పొయ్యి మీద కోడికూర ఉంది, అందులోకి ప్లాయ్ అట్లు పోయాలి, పిండి కలపాలి.

నీ వదిన
బెర్తిల్


బ్రిస్టల్
21 సెప్టెంబరు

వదినా,

కోడికూర మాడలేదు కదా?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మఠానికి ఒక పేజీ, అన్నయ్యకు ఒక పేజీ. నా గదికి ఒక్క ముక్క, అదీ పొయ్యి దగ్గరికి పారిపోతూ.

ముందు అన్నయ్య సంగతి. ఆ మఠం బాయిలర్‌ను ఇంట్లోకి రానివ్వకు. ఇద్దరికి కూర వండడానికి పెళ్లిగుండిగ ఎక్కించినట్టుంటుంది. అది ఒక్క ఊపులో ఇల్లంతా వేడి చేసి ఆగిపోతుంది. గోడలు చల్లబడ్డంతలో మళ్లీ రాజుకుంటుంది, మళ్లీ ఆగుతుంది. రోజంతా ఆగడం, రాజుకోవడం. ప్రతిసారీ మసి. ఆయిలంతా మంటకి కాదు, మొదలెట్టడానికే పోతుంది. అది ఇనుముకీ మంచిది కాదు, మనిషికీ మంచిది కాదు. దేవుడి సొత్తయితే దేవుణ్నే ఉంచుకోమను.

ఇక్కడ నాకూ కుదురు లేదు. కొత్తవాళ్లు వచ్చి నా బల్ల కొలుచుకుని వెళ్లారు, నేను కుర్చీలో ఉండగానే. గదికి ఎంత వేడి కావాలో లెక్కగట్టే మనిషిని వాళ్లు టేపు పెట్టి కొలుస్తున్నారు. సాయంత్రం ఇంటికెళ్లి పెట్టెలు సర్దుతాను. నువ్వు రాయలేదు కదా అని మళ్లీ విప్పుతాను. ఇరుగుపొరుగు నన్ను చూసి తల ఊపుతున్నారు.

నీకు ఇబ్బంది లేకుండా చేస్తాను. రెండు లెక్కలు పంపుతున్నాను, ఒకే కాగితం మీద. వంటింటి మీది గది లేకుండా అయితే ఎడమవైపు రాసిన చిన్న బాయిలర్. ఆ గది కలిపితే కుడివైపు రాసిన పెద్దది. ఏది పెట్టిస్తావో రాయి. గది గురించి వేరే మాట్లాడక్కర్లేదు. బాయిలర్ పేరు రాస్తే చాలు, నాకర్థమవుతుంది.

జెర్మేన్


ఫ్రెంచ్‌విల్
5 అక్టోబరు

జెర్మేన్,

చిన్నది.

ఇంతటితో కవరు అంటించేద్దామనుకున్నాను. చేతకాలేదు. ఇన్నాళ్లూ ఈ మాటలు ఎవరితోనూ అనలేదు, నువ్వే అడిగావు కాబట్టి విను.

నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆ గది నీదని చెప్పారు. సరే. నాకు ముగ్గురు పిల్లలు పుట్టారు, పైన ఒక గది మాకు పోగా ముగ్గురూ ఒకే గదిలో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. నీ గది పక్కనే ఖాళీగా, వెచ్చగా ఉంది. ఒకసారి పెద్దాడిని అందులో పడుకోబెడదామంటే మీ నాన్న "అది జెర్మేన్‌ది" అన్నాడు. మళ్లీ ఎత్తలేదు. ఆయన పోయాక మీ అన్నయ్య అదే మాట అన్నాడు. నువ్వు ఏటా జులైలో వస్తావు. జులైలో వెచ్చటి గది ఎవరికి కావాలి? మిగతా చలికాలమంతా మంచు తలుపు సగానికి వచ్చినప్పుడు, నేను శాలువా కప్పుకుని వండుతున్నప్పుడు, నా నెత్తి మీద ఒక ఖాళీ గది హాయిగా వేడి కాచుకుంది.

నీకు మంట ఇవ్వాలని మీ నాన్న నోటరీ ముందు చెప్పాడు. నాకు ఏమివ్వాలని ఎవరూ ఎక్కడా చెప్పలేదు. కోడలికి అక్కర్లేదట, కోడలు ఉంటుంది కదా, పొయ్యి దగ్గర.

ఇప్పుడు నాకు ఒకటే కోరిక. ఇల్లు చిన్నది కావాలి. నేను తుడవగలిగినంత, నేను వెచ్చబెట్టగలిగినంత. పైన ఎవరి అడుగులూ వినపడకూడదు. నీ మీద కోపం కాదు, నువ్వంటే నాకు ఇష్టమే. ఇష్టం వేరు, నా నెత్తి మీద ఉండడం వేరు.

మీ అన్నయ్య ఆ మఠం బాయిలర్‌ను తెచ్చేశాడు. దుంపల ట్రక్కు మీద, వానలో, నలుగురు స్నేహితులతో. నేలమాళిగ తలుపులోంచి అది పట్టలేదు. "గోడ కొద్దిగా పగలగొడదాం" అన్నాడు. "పగలగొట్టండి, నేను మా అక్క దగ్గరికి పోతాను, ఆ కన్నంలోంచే" అన్నాను. నలుగురూ టోపీలు సర్దుకుని వెళ్లిపోయారు. అది దుంపల కొట్టు పక్కన కూర్చుంది. ఆయన దాని చుట్టూ తిరుగుతున్నాడు.

చిన్నదే పెట్టిస్తాను.

బెర్తిల్


బ్రిస్టల్, కనెటికట్
12 అక్టోబరు

శ్రీమతి బెర్తిల్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీ నిర్ణయం తెలిసింది.

ఎడమవైపు రాసిన బాయిలరే తెప్పించుకోండి. బర్నర్‌లో ఆయిలు చిమ్మే నాజిల్ కూడా దాని పక్కనే రాశాను, లెవీత్ తన దగ్గర ఉన్నదేదో తగిలిస్తానంటే ఒప్పుకోకండి. పైకి వెళ్లే గొట్టాలు కోసేముందు పై రేడియేటర్లలో నీళ్లు పూర్తిగా తీయించండి. అడుగున ఒక్క గ్లాసు మిగిలినా గడ్డకట్టి ఇనుము పగులుతుంది, మీ వంటింటి కప్పు పాడవుతుంది. పాత ట్యాంకులో అడుగున పేరుకున్న మడ్డి కూడా తీయించాలి.

నాకు ఇక్కడే ఒక గది దొరికేలా ఉంది. నా గురించి ఆలోచించకండి.

అన్నయ్యను అడిగానని చెప్పండి.

ఇట్లు
జెర్మేన్


ఫ్రెంచ్‌విల్
25 అక్టోబరు

జెర్మేన్,

నన్ను "మీరు" అనకు. తిట్టాలనుంటే తిట్టు. నీ ఉత్తరం చదివి పొయ్యిలో పడేయబోయాను. నాజిల్ వివరం ఉందని ఆగాను.

తవ్వకాలు అయిపోయాయి. కొత్త బాయిలర్ వచ్చింది, వసారాలో పెట్టెలో ఉంది. లెవీత్ నిన్న వచ్చి పాతదాన్ని విప్పాడు. వాడి నోరు నీకు తెలుసుగా, మెట్లు దిగుతూ మొదలుపెడితే మెట్లెక్కేదాకా ఆగదు. దుంపల ధరలు చెప్పాడు, వాళ్ల బావమరిది పిసినారితనం చెప్పాడు. చివరికి వసారాలోకొచ్చి పెట్టె మీద రాసింది చదివి, "పైకి గొట్టాలు ఎందుకు కోయడం?" అన్నాడు.

"బాయిలర్ చిన్నదిగా. కిందికే సరిపోతుంది."

"ఎవరు చెప్పారక్కా?"

"జెర్మేన్ లెక్కగట్టింది."

వాడు నవ్వు ఆపుకోలేక మెట్టు మీద కూలబడ్డాడు. "ఆయిలు బాయిలర్లలో ఇంతకంటే చిన్నది ఎవడూ అమ్మడక్కా. ఈ చిన్నదే పైన గదులన్నీ కలిపినా నవ్వుతూ లాగేస్తుంది. దుంపల కొట్టు కలిపినా ఆయాసపడదు. జెర్మేన్ లెక్క తప్పిందా? మా ఊరి బడిలో సిస్టర్లే దాన్ని లెక్కలు అడిగేవాళ్లు!"

వాడిని వెళ్లిపొమ్మన్నాను. రేపు రమ్మన్నాను, రేపు కూడా వద్దన్నాను. నీ కాగితం తీసి బల్ల మీద పెట్టుకున్నాను. ఎడమ, కుడి. ఒక్క గది కోసం బాయిలర్ మారక్కర్లేదని నీకు మొదటి రోజే తెలుసు. నా మొదటి ఉత్తరానికే "వదినా, ఏ గదీ మూయక్కర్లేదు, ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్నది పెట్టించు" అని ఒక్క ముక్క రాస్తే అయిపోయేది. నేను కాదనడానికి నాకు సాకే ఉండేది కాదు. అది రాయకుండా నన్ను తూకం వేశావు. నేను నా కడుపులోదంతా కక్కేశాను. నీకు తృప్తిగా ఉందా?

ఇంట్లో వేడి లేదు. పాతదాన్ని లెవీత్ విప్పేశాడు, అది ముక్కలుగా పడుంది. వంటింట్లో కట్టెల పొయ్యి దగ్గరే ఇద్దరం తింటున్నాం, అక్కడే కూర్చుంటున్నాం. మీ అన్నయ్యకు నువ్వు వస్తానన్న సంగతి నేనే చెప్పాను. ఆయన ప్లాయ్‌కి వెన్న రాసుకుంటూ, "అది తనిల్లే కదా, అడగడమెందుకు?" అన్నాడు. అదీ మీ ఇంటి సంగతి. మీకు అడగడం రాదు. ఒకరు నోటరీతో చెప్పిస్తారు, ఒకరు లెక్కలు గడతారు, ఒకరు పక్కన నిలబడతారు.

ఆ పెట్టె విప్పొద్దని చెప్పాను. నువ్వు ఎందుకిలా చేశావో రాసేదాకా విప్పను. చలి పెరుగుతోంది, కాబట్టి అలిగి కూర్చోకు.

బెర్తిల్


బ్రిస్టల్
1 నవంబరు

వదినా,

పెట్టె విప్పించు. ఆ చలిలో నా జవాబు కోసం కూర్చుంటారా ఎవరైనా? నీ మొండితనం ముందు అన్నయ్య మఠం బాయిలర్ కూడా తేలికే.

లెవీత్ చెప్పింది నిజం. నాకు తెలుసు. నీ కొలతలు చూడగానే తెలుసు, కాగితం మీద పెన్సిలు పెట్టకముందే. కుడివైపు రాసిన పెద్దది ఆ ఇంటికి ఎప్పటికీ అక్కర్లేదు.

మొదటి ఉత్తరంలోనే నిజం రాద్దామనుకున్నాను. సగం రాశాను కూడా. "ఏ గదీ మూయక్కర్లేదు" అని రాసి చూసుకుంటే, నీ జవాబు నాకు అప్పుడే కనిపించింది. "సరే, ఎలాగూ వేడి ఉంది కదా, రా" అంటావు. ఎలాగూ ఉంది కాబట్టి. నాన్న చెప్పాడు కాబట్టి గది ఇచ్చారు. ఇక్కడ లెక్కలు వచ్చు కాబట్టి కుర్చీ ఇచ్చారు. ఒక్కసారైనా ఎవరైనా కాస్త ఖర్చు పెట్టుకుని, కాస్త ఇబ్బంది పడి నన్ను ఉండమనాలని కోరిక పుట్టింది. పెద్ద బాయిలర్ కొననిచ్చేదాన్ని కాదు, నువ్వు దాని పేరు రాయగానే వద్దని రాసేదాన్ని. పేరు రాస్తే చాలనుకున్నాను.

నువ్వు చిన్నది రాశావు. నాకు నొప్పి పుట్టింది. నొప్పి పుడితే నేను "మీరు"లోకి వెళ్లిపోతాను, నా అలవాటు.

కాని నీ అయిదో తారీకు ఉత్తరం ఇప్పటికీ బల్ల మీదే ఉంది. నీ పిల్లలు ముగ్గురూ ఒకే గదిలో పడుకున్నారని నాకు తెలియదు వదినా. నేను వచ్చే జులైల్లో వాళ్లు గడ్డివాములో పడుకునేవాళ్లు, సరదాకనుకున్నాను. ఏడాది పొడుగునా ఖాళీగా ఉండే నా గదికి నేలమాళిగలో మంట మండుతుంటే, నువ్వు శాలువాతో వండావని ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పినా నేను వినేదాన్ని కాదేమో. హక్కు ఉన్నవాళ్లకు చలి తెలియదు.

నీ మాటే నిజం, మా ఇంట్లో ఎవరికీ అడగడం రాదు. నేర్చుకుంటున్నాను, తప్పులుంటే సర్దుకో. నాన్న మాట పక్కన పెడుతున్నాను. అన్నయ్యకు కూడా అలాగే రాశాను, ఆ గది ఇక ఎవరిదీ కాదు, ఇంటిది. హక్కు లేకుండా అడుగుతున్నాను. బెర్తిల్, నేను ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను. నన్ను మీతో ఉండనిస్తావా?

లేదంటే లేదని రాయి. ఇక్కడి గది సంగతి అబద్ధం కాదు, దొరికింది. కిటికీ ఒక గోడ వైపుకి ఉంది.

నీ
జెర్మేన్


ఫ్రెంచ్‌విల్
12 నవంబరు

జెర్మేన్,

నీ ఉత్తరం పోస్టాఫీసులోనే నిలబడి చదివాను. పోస్టుమాస్టరు భార్య "ఎవరైనా పోయారా?" అని అడిగింది. లేదు, ఒక మనిషికి మాటలొచ్చాయి అన్నాను.

నేను కుడివైపుది రాయలేదు. దానికి ఇప్పుడు ఏమీ చేయలేను. నువ్వు తూకం వేసినప్పుడు నేను తూగలేదు, నువ్వు వేయకుండా ఉండాల్సింది. ఇద్దరం సమానం. ఇక దాన్ని తవ్వొద్దు.

లెవీత్‌ని పిలిచాను. పెట్టె విప్పించాను. మీ అన్నయ్య దిగి వచ్చి చేతులు కట్టుకుని చూశాడు. "ఇంతేనా? సూట్‌కేసంత ఉంది" అన్నాడు. మంట పెట్టగానే మెల్లగా గురక పెట్టడం మొదలుపెట్టింది, ఆగకుండా, ఉరకకుండా. కాసేపటికి ఆయన ముందుగది రేడియేటర్ మీద చేతులు పెట్టి, కప్పుకున్న శాలువా తీసి కుర్చీ మీద వేశాడు. పొగగొట్టంలో స్టీలు గొట్టం దింపించాను. లెవీత్ వాళ్ల తాతల సంగతి చెప్పాడు, నేను విననట్టు ఊరుకున్నాను.

గొట్టాలు కోయించలేదు.

నీకు నా షరతులు చెప్పాలి. వంటిల్లు నాది. నేను వండుతున్నప్పుడు మూతలు తీసి చూడకు. జులై చుట్టంలా కూర్చోకు, ఇంటి మనిషిలా పని చెయ్యి. నాకు పైనుంచి అడుగుల చప్పుడు కష్టంగా ఉంటుంది, కొన్నాళ్లకు అలవాటవుతుందేమో, కాకపోతే నీకే చెబుతాను. మీ నాన్నలా నోటరీ దగ్గరికి వెళ్లను, నీ ముఖం మీదే చెబుతాను. మేడ మీద అవతలి రెండు గదులూ మూసే ఉంచుతాను. మనవలు వచ్చినప్పుడు తెరుస్తాను.

నువ్వు ఉండొచ్చా అని అడిగావు. ఉండు. మీ నాన్న చెప్పాడని కాదు, వేడి ఎలాగూ ఉందని కాదు. నిన్న ఇద్దరికి ప్లాయ్‌లు పోస్తూ మూడో కంచం తీశాను. చూసుకుని కూడా మళ్లీ లోపల పెట్టలేదు.

ఒక్క సంగతి మిగిలింది. పని అయిపోవచ్చాక లెవీత్ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, చేతిలో రెండో థర్మోస్టాట్ పెట్టుకుని.

"ఇది పై గదికి. వంటింటి గోడకి బిగించనా అక్కా? నీ చేతికందేట్టు. పైన ఎవరన్నా ఉండే ఇళ్లల్లో అందరూ అలాగే పెట్టించుకుంటారు. వేడి ఎంత ఇవ్వాలో కిందనుంచే నువ్వు చూసుకోవచ్చు."

నీ దగ్గర దాచను, నా వేలు వంటింటి గోడ వైపే లేచింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి పైన ఎంత వేడి ఉండాలో నా చేతిలో లేదు. ఒక్కసారి ఉంటే ఎలా ఉంటుందో అనిపించింది. వాడు స్క్రూలు నోట్లో పెట్టుకుని నా వేలు చూస్తూ నిలబడ్డాడు. వాడు మాట్లాడకుండా ఉన్నది ఆ ఒక్క నిమిషమే.

"పైన పెట్టు, ఆవిడ మంచం పక్కన. ఆవిడ చలి నాకేం తెలుస్తుంది?" అన్నాను.

పెట్టాడు. గది ఇప్పుడు చల్లగానే ఉంది, గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టనంత మటుకే తిప్పి వచ్చాను. మిగతా వేడి నువ్వొచ్చి తిప్పుకో.

నీ వదిన
బెర్తిల్